పది రోజులకని కూర్చున్న ఇన్‌ఛార్జి మేడమ్ గారు

హలో, హలో... అందరికీ నమస్కారమండీ. వినపడుతోందా? వీడ్కోలు సావనీరులో అచ్చేసిన కాగితం వినపడ్డమేంటని నవ్వకండి. ఫోను స్పీకర్లో పెట్టుకున్నట్టే అనుకోండి, వంటింట్లో ఉన్నవాళ్లని కూడా ఓసారి పిలవండి. మన విశ్వవిద్యాలయంలో ఆర్థిక సహాయం సెక్షన్ చూసే ఇన్‌ఛార్జి మేడమ్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆవిడ వల్ల తల ప్రాణం తోకకొచ్చిన వాళ్లూ, ఆవిడ వల్ల విమానం ఎక్కిన పిల్లలూ, ఇద్దరూ కూర్చుని వినాల్సిన సంగతి ఇది.

మేడమ్ గారు ఉద్యోగంలో చేరింది పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ ఐదో తారీఖు, సోమవారం. పరీక్షల విభాగంలో టైపిస్టు. చేరిన రోజున ఆవిడకిచ్చిన కుర్చీకి ఒక కాలు పొట్టి. అందరూ కింద అట్టముక్క పెట్టుకుని కూర్చునే కుర్చీ అది. మేడమ్ గారు కూర్చోలేదు. "కుర్చీ బాగు చేయించండి, కూర్చుంటాను" అని, సాయంత్రం దాకా నిలబడే టైపు కొట్టారు. సూపరింటెండెంటు గారు వచ్చిపోయే వాళ్లందరికీ సమాధానం చెప్పుకోలేక, చీకటి పడకముందే వడ్రంగిని పిలిపించారు. ఆ రోజే ఎవరైనా గ్రహించాల్సింది, ఈవిడతో మనకి మున్ముందు ఏం రాసిపెట్టి ఉందో. గ్రహించలేదు.

టైపిస్టుగా, తర్వాత డిస్పాచ్‌లో, తర్వాత హాస్టళ్ల విభాగంలో ఆవిడ క్రమశిక్షణతో, కార్యదక్షతతో పనిచేశారు. అలా పదిహేనేళ్లు పైనే గడిచాక మన విశ్వవిద్యాలయం పిల్లల్ని ఎక్స్ఛేంజ్ మీద విదేశాలకు పంపడం మొదలెట్టింది. ఎక్స్ఛేంజ్ అంటే తెలియని పెద్దవాళ్ల కోసం ఒక్క ముక్క. మన పిల్ల ఒక సెమిస్టరు అక్కడి యూనివర్సిటీలో చదివి వస్తుంది, అక్కడి పిల్ల వచ్చి ఇక్కడ చదువుతుంది. ఎవరి ఫీజు వాళ్ల సొంత యూనివర్సిటీలోనే కట్టుకుంటారు. అక్కడ ఫీజు ఉండదు. వినడానికి ఎంత బాగుందో! కానీ టికెట్టు, వీసా, ఇన్సూరెన్సు, అక్కడి హాస్టలు, తిండి, అవన్నీ సొంతం. పెళ్లిలో భోజనం ఉచితమేనయ్యా, పెళ్లి జరిగే ఊరికి బస్సు టికెట్టో? అందుకని, ఇంట్లో లేనివాళ్ల పిల్లలకి సాయం చేద్దామని ఒక సెక్షన్ పెట్టారు. పాత స్టోర్ రూమ్ ఖాళీ చేసి ఒక బల్ల, ఒక బీరువా వేశారు. ఆ సెక్షన్‌కి వేసిన ఆఫీసరు గారు వారం తిరక్కుండా లాంగ్ లీవు పెట్టారు. రిజిస్ట్రారు గారు మేడమ్ గారిని పిలిచి, "ఓ పది రోజులు ఇన్‌ఛార్జిగా చూసుకోమ్మా" అన్నారు.

ఆ పది రోజులు ఇంకా అవ్వలేదండీ. ఈ నెలాఖరుకి అవుతాయి. మన ఆఫీసులో ఎవరన్నా "పది రోజుల్లో చేసిస్తాను" అంటే, "మామూలు పది రోజులా, మేడమ్ పది రోజులా?" అని అడిగే అలవాటు అందుకే వచ్చింది. ఇంత కాలమూ ఆవిడని పర్మినెంటు చెయ్యమని ఫైలు పెట్టినప్పుడల్లా పైనుంచి ఒకటే మాట. "ఇన్‌ఛార్జి ఉన్నారు కదా, కుర్చీ ఖాళీగా లేదు కదా, ఇంక పోస్టు నింపడం దేనికి?" పని చేసేవాళ్లున్నారు కాబట్టి ఆ పనికి మనిషిని వెయ్యరట. ఈ తర్కం విన్నప్పుడల్లా మేడమ్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకునేవారు. అంతకన్నా పెద్ద కోపం ఆవిడ ఎప్పుడూ చూపించలేదు. చూపించక్కర్లేదు కూడా. కళ్లజోడు తీశారంటే అటెండరు బాబాయ్ గదిలోంచి బయటికెళ్లి నిలబడేవాడు.

ఆ సెక్షన్‌లో ఆవిడకి తగిలిన మొదటి తలనొప్పి అందరూ ఎరిగినదే. సాయం మంజూరు కావాలంటే వీసా చూపించాలి. వీసా కావాలంటే బ్యాంకులో డబ్బుందని చూపించాలి. ఆ డబ్బే మనం ఇవ్వాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు! ఉన్నవాళ్ల పిల్లలు అప్పటికప్పుడు బ్యాంకులో వేసి చూపించి వెళ్లిపోయేవారు, లేనివాళ్లకని పెట్టిన సాయం వాళ్లే తీసుకునేవారు. మేడమ్ గారు ఆ నిబంధన పట్టుకుని ఫైనాన్స్ ఆఫీసరు గారి దగ్గరికి వెళ్లారు. ఆయన్ని మనందరం లెక్కల సారు అంటాం. మంచాయనే, కానీ సంతకం పెట్టాలంటే ఆయన పెన్నులో ఇంకు గడ్డకడుతుంది.

"నియమం నేను పెట్టింది కాదు మేడమ్."

"తీసేసేది మీరే కదా సార్."

"చూద్దాం."

మేడమ్ గారు అరవలేదు. మధ్యాహ్నం భోజనం క్యారేజీ తెచ్చుకుని, లెక్కల సారు గదిలో, ఆయన ఎదురుగా కూర్చుని విప్పారు. తిన్నారు. మూత పెట్టారు. "చూశారా సార్?" అన్నారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చివరికి ఆయనకి సొంత అన్నం గొంతు దిగక, సంతకం పెట్టారు. వీసాకి ముందే మంజూరు కాగితం ఇచ్చే పద్ధతి అలా వచ్చింది. అప్పట్నుంచి వరండాలో మేడమ్ గారి క్యారేజీ చప్పుడు వినపడితే చాలు, లెక్కల సారు పెన్ను మూత తీసి పెట్టుకునేవారు.

ఇంతవరకూ అందరికీ తెలిసిన చరిత్రే. తాళాల పెద్దాయన కూతురి సంగతి మాత్రం కొత్తగా చేరినవాళ్లకి తెలియదు. మేడమ్ గారి ఇంట్లో వాళ్లకి కూడా పూర్తిగా తెలిసుండదు. అది చెప్తాను.

ఒక ఏడాది పేర్లు పంపాల్సిన ఆఖరి రోజు. ఆ సాయంత్రంలోగా ఏ పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారో అక్కడి యూనివర్సిటీలకి రాసేయాలి. రాయని సీటు పోయినట్టే. మేడమ్ గారి మొహం పొద్దున్నుంచే మాడిపోయి ఉంది. ఎందుకంటే సాయిల్ సైన్స్ చదివే ఒక అమ్మాయి, మార్కుల్లో అందరికన్నా పైనున్న అమ్మాయి, సీటొచ్చాక, సాయం మంజూరయ్యాక, ముందు రోజు సాయంత్రం ఓ చీటీ పంపింది. 'సొంత కారణాల వల్ల వెళ్లలేకపోతున్నాను' అని.

"సొంత కారణాలు!" అంటూ మేడమ్ గారు బల్ల మీద ఆ చీటీని అటూ ఇటూ తిప్పారు. "ఈ రెండు మాటలకి నేను ఎన్ని మెట్లెక్కి దిగానో దానికి తెలుసా? ఎన్ని సంతకాలు, ఎన్ని క్యారేజీలు! అంత ఆటగా ఉంటే అప్లికేషన్ ఎందుకు పెట్టినట్టు?"

"పిల్లలమ్మా, భయపడి ఉంటుంది" అన్నాడు బాబాయ్.

"భయపడితే భయమని రాయొచ్చుగా!"

ఆ విసురులో బీరువా తియ్యబోయారు. పాత బీరువా, పాత తాళంచెవి. అది కాస్తా లోపలే పుటుక్కున విరిగింది. పేర్లు పంపాల్సిన కాగితాలన్నీ లోపల. మేడమ్ గారు చేతిలో మిగిలిన సగం ముక్క వైపు చూసి, కళ్లజోడు తీశారు. బాబాయ్ అడక్కుండానే బయటికి పరిగెత్తాడు.

మన గేటు ముందు తాళంచెవులు చేసే బండి ఒక్కటే ఉండేది. హాస్టలు పిల్లల దగ్గర్నుంచి పెద్ద ఆఫీసర్ల దాకా అందరి తాళాలూ అక్కడే. బాబాయ్ కాసేపటికి బండి పెద్దాయన్ని తీసుకొచ్చాడు. నల్ల కళ్లద్దాలు, చెయ్యి ముందు నడుస్తున్న కూతురి భుజం మీద. ఆ పిల్ల చేతిలో ఆకురాళ్ల పెట్టె. గుమ్మంలో ఆ పిల్ల, బల్ల దగ్గర మేడమ్ గారు, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆగిపోయారు.

"నువ్వా?" అన్నారు మేడమ్ గారు.

చీటీ రాసిన పిల్లే. ఆ పిల్ల కళ్లతోనే బతిమాలింది, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. చూసిన బాబాయ్‌కి అర్థమైంది. కానీ మేడమ్ గారికి అప్పటికే నోరు తెరుచుకుపోయింది.

"సొంత కారణాలట! నా ప్రాణం తీసి, సొంత కారణాలని చీటీ పడేసి, ఇక్కడికొచ్చి బీరువాలు తీస్తావా?"

పెద్దాయన తల తిప్పాడు. "ఏం కారణాలమ్మగారూ? ఎవరు రాశారు?"

"ఏం లేదు నాన్నా. మేడమ్ ఎవరో అనుకుని మాట్లాడుతున్నారు."

"ఎవరో అనుకునా? నీ ఫోటో నా బీరువాలో ఉంది. తియ్యి, చూపిస్తా!"

ఆ పిల్ల బీరువా ముందు కూర్చుని, విరిగిన ముక్క బయటికి లాగి, కొత్త తాళంచెవి తీసి ఆకురాయితో రాయడం మొదలెట్టింది. గదంతా ఆకురాయి చప్పుడు. చెవి తయారైంది. రంధ్రంలో పెట్టింది. పెట్టి, తిప్పలేదు.

"తిప్పమ్మా" అన్నాడు బాబాయ్.

"తిప్పను."

"అదేంటి?"

"తిప్పితే మేడమ్ ఫైలు తీస్తారు. నేను తిప్పను."

చూడండి ఆ మొండితనం! ఇటు చూస్తే సాయంత్రం ముంచుకొస్తోంది, అటు చూస్తే బీరువా ముందు ఈ పిల్ల. పద్నాలుగు మంది పిల్లల కాగితాలు లోపల. మేడమ్ గారు ఇన్నాళ్లూ ఆఫీసు మొత్తం మీద అలా కదలకుండా కూర్చునే విద్య తనకొక్కదానికే తెలుసనుకున్నారు.

పెద్దాయన తడుముకుంటూ ముందుకొచ్చాడు. కూతుర్ని పక్కకి జరిపి, చెవి బయటికి తీసి, బొటనవేలితో దాని పళ్లు నిమిరి చూశాడు. మళ్లీ పెట్టి తనే తిప్పాడు. బీరువా తెరుచుకుంది.

"చదవండమ్మగారూ. మా పిల్ల ఫైల్లో ఏముంది?"

మేడమ్ గారు తీసి చదివారు. అప్పటికి ఆవిడ గొంతులో విసురు తగ్గింది. పిల్లకి సీటొచ్చింది, ఒక సెమిస్టరు, మట్టి మీద చదువు, పెద్ద ల్యాబు, టికెట్టు దగ్గర్నుంచి తిండి దాకా సాయం మంజూరైంది, ఇదిగో ఇప్పుడు వద్దంటోంది.

"మట్టి చూడ్డానికి విమానమెక్కాలా?" అని పెద్దాయన మొదట నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే వెళ్లమంటావు."

"వెళ్లమంటే వెళ్లడానికేం?"

"బండి ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా."

"నువ్వా! మొన్న పోస్టాఫీసు వాళ్లు డూప్లికేటు చెయ్యమంటే, కొత్త చెవి పక్కనపెట్టి వాళ్ల అసలు చెవినే రాసి పెట్టావు. రెండూ పనికిరాకుండా పోయాయి. వాళ్లు తలుపు బద్దలుకొట్టుకున్నారు!"

బాబాయ్ నవ్వాపుకోలేక దగ్గాడు. పెద్దాయనకి మాత్రం ఎక్కడో తగిలింది. "నా కళ్లు పోయాయని నీ కాళ్లు కట్టేసుకుంటావుటే?" అన్నాడు. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

ఆ పిల్ల ఏడవలేదు. ఆకురాళ్లు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో సర్దుకుంటూ చెప్పింది. "మేడమ్, మీరు టికెట్టిచ్చారు, హాస్టలిచ్చారు. నేను అక్కడ తింటాను, కాదనట్లేదు. సాయంత్రాలు నేను బండి మీద కూర్చుంటేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నేను అక్కడ కూర్చుని తింటుంటే ఇక్కడ వీళ్లేం తినాలి? అది మీ అప్లికేషన్‌లో ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. అందుకే సొంత కారణాలని రాశాను."

మేడమ్ గారు అప్లికేషను తిరగేశారు. తండ్రి సంపాదన, ఉంది. ఇల్లు సొంతమా అద్దెదా, ఉంది. ఇంట్లో ఎంతమంది, ఎవరేం చదివారు, ఆఖరికి ఇంట్లో వాహనం ఉందా, ఉంటే ఎన్ని చక్రాలు, అదీ ఉంది. ఈ పిల్ల వెళ్తే ఇంట్లో ఏ పని ఆగిపోతుందన్న ప్రశ్న ఎక్కడా లేదు. లేనివాళ్ల కోసం పెట్టిన కాగితం అది! లేనింటి పిల్ల చేతులూపుకుంటూ కాలేజీకొచ్చి పోతుందని ఎవరనుకున్నారో మరి. ఆ కాగితం తయారుచేసిన కమిటీలో మేడమ్ గారు కూడా ఉన్నారు. అదే ఆవిడకి ఎక్కువ మండింది.

"కూర్చోండి ఇద్దరూ. బాబాయ్, టీ చెప్పు. నేనొచ్చేదాకా వీళ్లని కదలనివ్వకు" అని, క్యారేజీ తీసుకుని బయల్దేరారు.

లెక్కల సారు గదిలో ఆ మధ్యాహ్నం జరిగిన సంభాషణ తర్వాత చాలా నోళ్లలో పడి చాలా రకాలుగా మారింది. గుమ్మం దగ్గర నిలబడి విన్న బాబాయ్ చెప్పింది ఇది. వాళ్లని కదలనివ్వకన్నారు గానీ తనని కదలొద్దని అనలేదట.

"మేం పిల్లని పంపిస్తున్నాం మేడమ్, ఇంటిని కాదు."

"పిల్ల ఇంట్లోంచే వెళ్తుంది సార్. ఆకాశంలోంచి ఊడిపడలేదు."

"బండి నడపడానికి మనిషిని పెట్టి జీతమిమ్మంటారు! రేపు ఇంకో పిల్ల వచ్చి మా గేదెకి మనిషిని పెట్టమంటుంది. ఎల్లుండి ఇంకోడు మా నానమ్మని చూసుకోడానికి మనిషి కావాలంటాడు."

"అనాలి సార్. నిజంగా అవసరమైతే అడగాలి. అడగమనే కదా సెక్షన్ పెట్టింది?"

"నియమాల్లో ఎక్కడుంది?"

"కూడదని ఎక్కడుంది?"

లెక్కల సారు నెత్తి పట్టుకున్నారట. మేడమ్ గారు క్యారేజీ బల్ల మీద పెట్టారు గానీ విప్పలేదు.

"సార్, పోయినేడు మీరు ట్రైనింగుకి వెళ్లారు. మీ కుర్చీలో ఎవరినో పెట్టారు కదా?"

"ఇన్‌ఛార్జిని పెట్టాం. పెట్టకపోతే ఎలా?"

"ఆయనకి ఇన్‌ఛార్జి అలవెన్సు కూడా ఇచ్చారు."

"ఇవ్వాలి కదా, అదనపు పని."

"ఆ అదనపు పనిలో ఆయన పెట్టినవి టీ బిల్లుల మీద సంతకాలు. మీరు లేకపోతే టీ ఆగదు సార్. ఆ పిల్ల లేకపోతే అన్నం ఆగుతుంది. మీ కుర్చీ ఒక్క పూట ఖాళీగా ఉండకూడదని రూలుంది. ఆ పిల్ల కూర్చునే స్టూలుకి లేదా? దాన్ని మనం ట్రైనింగుకి పంపిస్తున్నాం. దాని స్టూలుకి ఇన్‌ఛార్జిని పెట్టండి. అలవెన్సు ఇవ్వండి. పంపినవాళ్లదే ఆ ఖర్చు. మీకొక రూలు, తాళాల బండికి ఒక రూలా?"

లెక్కల సారు కుర్చీలో వెనక్కి వాలారు. "స్టూలుకి ఇన్‌ఛార్జి!" అన్నారు. తర్వాత ఆయన నవ్విన నవ్వు వరండా చివరికి వినపడిందని బాబాయ్ ఇప్పటికీ చెప్తాడు. నవ్వి, సంతకం పెట్టారు. పెడుతూ పైన మాత్రం తన బుద్ధి పోనిచ్చుకోకుండా రాశారు, 'ఈ ఒక్కసారికి మాత్రమే' అని.

మేడమ్ గారు వెనక్కొచ్చి స్టూలుకి ఇన్‌ఛార్జి సంగతి చెప్పేసరికి పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నాకు దానం వద్దమ్మగారూ."

"దానమని ఎవరన్నారు? మా లెక్కల సారు కూడా తన కుర్చీకి ఇన్‌ఛార్జిని పెట్టించుకున్నాడు. ఆయనకి లేని సిగ్గు నీకెందుకు?"

పెద్దాయన మళ్లీ కూర్చున్నాడు. "ఆ ఇన్‌ఛార్జిని నేనే చూసుకుంటా. మీ ఆఫీసు వాళ్లని పెట్టకండి" అన్నాడు. ఆఫీసు పరువు ఎక్కడిదాకా పోయిందో చూడండి!

సాయంత్రం గేటు వెయ్యకముందే పేర్లు వెళ్లాయి. ఆ పిల్ల పేరు కూడా వెళ్లింది.

ఇన్‌ఛార్జిగా దొరికింది మూతపడ్డ ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద టర్నరుగా చేసిన ఒకాయన. పనిమంతుడే గానీ, నోరు మూతపడదు. వారానికోసారి పెద్దాయన తడుముకుంటూ మేడమ్ గారి గదికొచ్చి ఫిర్యాదు. "అమ్మగారూ, మీ ఇన్‌ఛార్జి చెవి రాయడం కంటే చెవిలో జోరీగలా వాగడం ఎక్కువ. మా పిల్ల ఎప్పుడొస్తుంది?" టర్నరు ఆ వెనకే వచ్చి, "ఆయన నన్ను చెయ్యనిస్తే కదమ్మా! నేను రాసిన ప్రతి చెవీ వేలితో నిమిరి, బాలేదంటాడు" అనేవాడు. ఇద్దరి పంచాయితీ తీర్చలేక మేడమ్ గారు, "నాకు విదేశాలకి పంపడం తెలుసు గానీ మీ ఇద్దర్నీ ఎక్కడికి పంపాలో తెలియట్లేదు" అనేవారు.

ఆ పిల్ల సెమిస్టరు చదివి వచ్చింది. అక్కడి నేల ముక్క మేడమ్ గారికి చూపిద్దామని డబ్బీలో తెస్తుంటే ఎయిర్‌పోర్టులో లాక్కున్నారట. ఖాళీ డబ్బీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది, గుండుసూదులు వేసుకుంటున్నారు. ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊళ్లో పొలాల మట్టి పరీక్షించే ల్యాబులో పనిచేస్తోంది. బండి దగ్గర పెద్దాయనా టర్నరూ ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆర్డరు గడువు అయిపోయినా ఇన్‌ఛార్జి మాత్రం పోలేదు, మన ఆఫీసు సంప్రదాయం మరి.

ఆ మరుసటి ఏడాది నుంచి మన అప్లికేషన్‌లో కొత్త గడి వచ్చింది. 'మీరు వెళ్తే ఇంట్లో ఆగిపోయే పని ఏమిటి? దానికి ఎవరిని ఇన్‌ఛార్జిగా పెట్టాలి?' పిల్లలు దాన్ని ఇంటి ఇన్‌ఛార్జి గడి అంటారు. తమ్ముణ్ణి బడికి తీసుకెళ్లే అక్కలు, తల్లి కుట్టిన బట్టలు షాపులకి చేర్చే కొడుకులు, మంచం పట్టిన తాతకి స్నానం చేయించే మనవళ్లు, ఆ గడి వల్ల వెళ్లి వచ్చినవాళ్లు చాలామంది. కానీ ప్రతి ఏడూ మేడమ్ గారు క్యారేజీ పట్టుకుని మేడెక్కాల్సిందే, లెక్కల సారు 'ఈ ఒక్కసారికి మాత్రమే' అని రాయాల్సిందే. పద్నాలుగేళ్లుగా ఈ ఒక్కసారికే! ఎన్నో ఏటి నుంచో గానీ ఆయన కూడా ఆవిడ క్యారేజీలోంచి కూర వడ్డించుకోవడం మొదలెట్టారు. కూర తిని మరీ 'ఈ ఒక్కసారికి' అని రాస్తే మనిషికి ఎలా ఉంటుంది చెప్పండి?

ఇంక ఈ నెల సంగతి. మేడమ్ గారు రిటైరవుతున్నారని రెండేళ్ల నుంచీ ఫైలు నడుస్తోంది. మొన్న ఆర్డరొచ్చింది. ఏమనీ? 'సదరు పోస్టులో రెగ్యులర్ అధికారిని నియమించేంత వరకు, పదవీ విరమణ పొందిన సదరు మేడమ్ గారే గౌరవ వేతనంపై ఇన్‌ఛార్జిగా కొనసాగుదురు గాక.' అంటే, తన కుర్చీకి తనే ఇన్‌ఛార్జి! మేడమ్ గారు చదివి కళ్లజోడు తీశారు. బాబాయ్‌కి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, అయినా లేచి బయటికెళ్లాడు.

మేడమ్ గారు క్యారేజీ తీసుకుని లెక్కల సారు గదికి వెళ్లారు. బల్ల మీద పెట్టారు. ఆయన అలవాటుగా మూత తియ్యబోతే, చెయ్యి అడ్డుపెట్టారు.

"సార్, తాళాల బండి మీద పిల్ల వెళ్తుంటే ఒక్క పూటలో మనిషిని పెట్టాం. నేను వెళ్తుంటే రెండేళ్లలో పెట్టలేరా?"

"మేడమ్, మీలాగా చేసేవాళ్లెవరున్నారు చెప్పండి..."

"పొగడకండి. నాలాగా చెయ్యక్కర్లేదు. నేను చేసిందేంటి? ఏడాదికోసారి ఒకే సంతకానికి మీ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. అది ఒక ఉద్యోగమా?"

లెక్కల సారు క్యారేజీ వైపు చూస్తూ అడిగారట, "మరి వచ్చే నెల్నుంచి ఈ టైముకి ఎవరొస్తారు మేడమ్?"

"మీరు ఆ 'ఒక్కసారికి' అన్న ముక్క కొట్టేస్తే ఎవరూ రానక్కర్లేదు సార్. అందుకే కొట్టెయ్యమంటున్నాను."

ఆయన ఫైలు తెప్పించారు. 'ఈ ఒక్కసారికి మాత్రమే' అన్నది అడ్డంగా కొట్టేసి, 'ప్రతి సంవత్సరం' అని రాసి, సంతకం పెట్టారు. పెన్ను మూత పెట్టాక మేడమ్ గారు క్యారేజీ విప్పారు. ఇద్దరూ తిన్నారని బాబాయ్ చెప్పాడు. కొత్త ఆఫీసరు గారి రెగ్యులర్ ఆర్డరు కూడా నిన్న వచ్చింది. మొదటి తారీఖున చేరుతున్నారు. ఇన్‌ఛార్జి కాదు, అసలు మనిషి. నమ్మకం కుదరక మేడమ్ గారు ఆర్డరు రెండుసార్లు చదువుకున్నారు.

ఇంట్లో వాళ్ల మాట కూడా చెప్పాలి కదా. మేడమ్ గారి వారు డ్రాయింగు మాస్టారు, ముందే రిటైరయ్యారు. మొన్న పార్టీ ఏర్పాట్లు మాట్లాడ్డానికి వెళ్తే ఆయనన్నారు, "ఇన్నాళ్లూ ఆవిడ ఆఫీసుకి ఇన్‌ఛార్జి, ఇంటికి నేను ఇన్‌ఛార్జిని. అలవెన్సు కాదు కదా, ఆర్డరు కాగితం కూడా లేదు. ఆవిడ రిటైరైన రోజు సాయంత్రం ఐదింటికి వంటింట్లో ఛార్జి అప్పగించేస్తాను." లోపల్నుంచి మేడమ్ గారు, "అప్పగిస్తే తీసుకునేదెవరండీ? ఓ పది రోజులు మీరే చూసుకోండి" అన్నారు. ఆ పది రోజులు ఏ పది రోజులో మాస్టారికి తెలియంది కాదు. నెత్తి కొట్టుకున్నారు పాపం.

మేడమ్ గారూ, మీరు మమ్మల్ని వేధించినంత ఇంకెవరూ వేధించలేదు, మీ అంత మాకు ఇంకెవరూ నేర్పలేదు. మీరు, మాస్టారు, మీ పిల్లలు, మనవలు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండాలి. మీ మోకాళ్లకి మెట్లు, మీ కళ్లజోడుకి తుడుపులు తగ్గాలి. మీ క్యారేజీ ఇక మీదట మీ ఇంట్లోనే, వేడివేడిగా విప్పుకోవాలి.

ఇక ఈ లైన్లో ఉన్నవాళ్లందరికీ చివరగా ఒక్క మనవి. మొన్న వచ్చిన అప్లికేషన్లు మేడమ్ గారు చూశారు. సగం మంది పిల్లలు ఆ ఇంటి ఇన్‌ఛార్జి గడిని ఖాళీగా వదిలేశారు. కొందరు మళ్లీ 'సొంత కారణాలు' దగ్గరే ఆగిపోతున్నారు. అవసరం లేక కాదు, నామోషీ. అందుకని ఈ కథని మీ దగ్గరే దాచుకోకండి. మీ పక్కింట్లో, మీ వీధి చివర, పొద్దున్నే బండి తోసి, కొట్టు తెరిచి, తాతకి అన్నం పెట్టి కాలేజీకి పరిగెత్తే పిల్ల ఎవరన్నా ఉంటే, ఆ పిల్లకి చేరెయ్యండి. ఆ గడి ఖాళీగా వదలొద్దని మేడమ్ గారు చెప్పమన్నారని చెప్పండి.